గుర్రం మీద రెండు భయాలు

మన మాటల్లో గుర్రపు సామానుకి కొదవ లేదు. చెప్పిన మాట వినని పిల్లకి కళ్లెం వెయ్యాలంటారు. ఇంటి పగ్గాలు కోడలికి అప్పగించానని అత్తగారు చెప్తుంది, బీరువా తాళాలు మాత్రం ఆమె బొడ్లోనే ఉంటాయి. చీకటిపడ్డాక బయట తిరిగే ఆడపిల్లకి పట్టపగ్గాల్లేవు. మగవాడు మాత్రం పెళ్ళినాడు గుర్రమెక్కి ఊరేగుతాడు. కళ్లాన్ని ఆడవాళ్ళకీ గుర్రాన్ని మగవాళ్ళకీ పంచిపెట్టిన భాష ఇది. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తూ ఇరవై ఏళ్ళుగా ఈ మాటల్ని విద్యార్థుల ముందు విప్పి చూపిస్తున్నాను. నిజమైన కళ్లెం బరువెంతో నాకు తెలిసింది మాత్రం నలభై ఆరో ఏట.

రెండేళ్ళుగా హైదరాబాద్ శివార్లలో ఒక లాయంలో గుర్రపుస్వారీ నేర్చుకుంటున్నాను. వారానికి రెండు ఉదయాలు. ఈమధ్యే మొదటిసారి ఒక పోటీలో పాల్గొన్నాను. అక్కడిదాకా వెళ్ళే దారిలో భయం గురించి నాకు కొంత తెలిసొచ్చింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను. నాకున్నది ఒకటే భయమని అనుకునేదాన్ని. అది రెండని తేలింది. పడిపోతానన్న భయం ఒకటి, కనబడతానన్న భయం ఇంకొకటి. మొదటిదాని గురించి లాయంలో అందరూ మాట్లాడతారు, దానికి మందులూ మంత్రాలూ ఉన్నాయి. రెండోదాన్ని గురించి మనమే మాట్లాడుకోవాలి.

మొదట నేను అక్కడికి వెళ్ళింది మేనకోడలిని దింపడానికి. కంచె పక్కన తల్లుల కోసం ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి. తండ్రులూ వస్తారు గానీ వాళ్ళు కార్లలోనే కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. నాలుగు శనివారాలు ఆ కుర్చీలో కూర్చుని పిల్లల్ని చూశాను. ఐదో శనివారం కోచ్‌ని అడిగాను, ఎన్నేళ్ళ వరకు నేర్పుతారని. ఆమె నా మోకాళ్ళకేసి ఒకసారి చూసి, "ఎక్కగలిగినన్నాళ్ళు" అంది.

నా చిన్నప్పుడు, 1980ల చివర్లో, హనుమకొండలో మా ఇంటికి సైకిల్ వచ్చింది. అది అన్నయ్యది. నేనూ తొక్కుతానంటే మా పెద్దమ్మ అడ్డుపడింది. కాళ్ళు ఎడం చేసి కూర్చునే పనులేవీ పెళ్ళికావలసిన పిల్లలకి పనికిరావంది. ఎందుకో చెప్పలేదు. చెప్పకుండానే ఇంట్లో అందరికీ అర్థమైంది, నాకు తప్ప. కన్నెరికం పరీక్షకి వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదనీ, దాన్ని పూర్తిగా మానెయ్యాలనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థా ఐక్యరాజ్యసమితి విభాగాలూ కలిసి ప్రకటించాయి. ఆ మాట మా పెద్దమ్మ దాకా రాలేదు. వచ్చినా ఆమె నమ్మేది కాదు. యూరప్‌లో కులీన స్త్రీల రెండు కాళ్ళనీ ఒకే పక్కకి వేయించి శతాబ్దాలపాటు గుర్రమెక్కించిన జీను వెనక ఉన్నదీ ఈ మర్యాదే. కాబట్టి నలభై ఆరేళ్ళ వయసులో ఎత్తుపీట మీద నిలబడి, ఎడమకాలు రికాబులో పెట్టి, కుడికాలు గుర్రం వీపు మీంచి అటువైపుకి తిప్పి వేసినప్పుడు నా తుంటి కీళ్ళతోబాటు చాలా కదిలాయి.

నా దేహం అప్పటిదాకా ఏమేం కంఠతా పట్టిందో గుర్రం మీద కూర్చున్నాకే బయటపడింది. మొదటి నెలలో ఒకరోజు కోచ్ అడిగింది, "మీ కుడిచెయ్యి మాటిమాటికీ భుజం మీదికెందుకు పోతోంది?" నేను గమనించనే లేదు. చున్నీ సర్దుకోవడానికి. ఆ రోజు నా ఒంటిమీద చున్నీ లేదు, టీషర్టూ దాని మీద పడినప్పుడు కాపాడే దళసరి జాకెట్టూ ఉన్నాయి. అయినా ముప్పై ఏళ్ళుగా వెళ్ళే చెయ్యి వెళ్తూనే ఉంది. వెళ్ళిన ప్రతిసారీ ఆ వైపు పగ్గం జారేది, గుర్రం అయోమయంగా ఒకవైపుకి తిరిగేది. క్లాసులో బోర్డు మీద రాస్తూనో బస్సెక్కుతూనో ఒక చెయ్యిని శాశ్వతంగా కాపలాకి పెట్టి బతికానని నాకు అంత స్పష్టంగా ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. గుర్రం మీద రెండు చేతులకీ పని ఉంటుంది. కాపలాకి చెయ్యి మిగలదు.

నాకిచ్చిన ఆడగుర్రాన్ని లాయంలో అందరూ బేగం అంటారు. కాగితాల్లో వేరే పేరుంది, అది రేసుల రోజులనాటిది. మన దగ్గర స్వారీ నేర్పే చోట్ల కనిపించే గుర్రాల్లో చాలా భాగం రేసుల నుంచి వచ్చినవే. రెండేళ్ళ వయసుకే పరుగు మొదలుపెడతాయి. గెలవడం మానేశాక, ఇంకా బతకవలసిన కాలం బోలెడు ఉండగానే, చేతులు మారతాయి. బేగం కూడా అలాగే వచ్చింది. భుజం దగ్గరే ఐదడుగుల పైచిలుకు ఎత్తు. నేలమీద నిలబడి చూస్తే అందంగా ఉంటుంది. వీపు మీంచి చూస్తే నేల చాలా దూరంగా ఉంటుంది.

భయం వేసినప్పుడు మనిషి చేసే మొదటి పని దేన్నో ఒకదాన్ని గట్టిగా పట్టుకోవడం. గుర్రం మీద దొరికేది పగ్గమే. మామూలు గుర్రమైతే పగ్గం లాగితే ఆగుతుంది. పరుగు కోసం పెంచిన గుర్రానికి అలవాటైన అర్థం వేరు. జాకీ పగ్గం బిగించి పట్టుకుంటే దాని మీద ఆనుకుని ఇంకా వేగంగా పోవడం దానికి నేర్పారు. అంచేత నేను భయపడి బిగిస్తే బేగం వేగం పెంచేది. వేగం పెరిగితే నేను ఇంకా బిగించేదాన్ని. పది పన్నెండు వారాలు ఈ చక్రంలోనే తిరిగాను. కంచెకి ఆనుకుని చూస్తున్న సాయీస్, ముప్పై ఏళ్ళుగా గుర్రాల దగ్గరే ఉన్న మనిషి, ఒకరోజు అన్నాడు: "మేడమ్, మీరు ఊపిరి బిగబట్టిన్రు. అది కూడా బిగబట్టింది. ముందు మీరు ఇడవండి."

ఆయన మాటకి శాస్త్రం కూడా తోడుంది. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరి చేత గుర్రాలని ఒకే దారిలో నాలుగుసార్లు నడిపించారు, కొందరి చేత స్వారీ చేయించారు. నాలుగోసారికి ముందు, దారిలో ఒక గొడుగు హఠాత్తుగా తెరుచుకుంటుందని మనుషులకి చెప్పారు. గొడుగు ఎవరూ తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది. గుర్రానికి గొడుగు సంగతి తెలియదు. తన మనిషికి ఏదో అయిందని మాత్రం తెలిసింది.

ఇది చదివాక నాకు ముందు మా ఇళ్ళు గుర్తొచ్చాయి. భయాన్ని ముఖం మీద కనబడనివ్వకుండా నవ్వడం మనకి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. అత్తింటి గుమ్మంలో, ఇంటర్వ్యూ బోర్డు ముందు, రాత్రి పదింటికి ఖాళీ అయిన బస్సులో ఆ నవ్వే మనల్ని గట్టెక్కించింది. గుర్రానికి వీపు మీద కూర్చున్నవాళ్ళ ముఖం కనిపించదు. తొడలు బిగుసుకోవడం, నడుము కొయ్యబారడం, ఊపిరి ఆగడం మాత్రం తెలుస్తాయి. నేను ఎంతో సాధన చేసి నేర్చిన విద్య అక్కడ చెల్లలేదు. భయం లేనట్టు ఉండటం కుదరదు కాబట్టి, భయంతోబాటు ఊపిరి తీసుకోవడం నేర్చుకోవలసి వచ్చింది.

దానికి కోచ్ ఒక చిట్కా చెప్పింది. నోటితో ఏదో ఒకటి పైకి చెప్తూ ఉంటే ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు, పాట పాడమంది. నాకు పాటలు రావు. నోటికి వచ్చిందల్లా పదమూడో ఎక్కం. నాలుగో తరగతిలో తప్పు చెప్పిన ప్రతిసారీ మోకాళ్ళ మీద నిలబడి నేర్చుకున్నది. పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, అని బేగం అడుగులకి సరిపడా చెప్తూ వలయాలు తిరిగాను. పిల్లలు నవ్వారు. బేగం మెడ మొదటిసారి కిందికి దిగింది, నడక సాగింది.

కళ్లెం సంగతి ఇంకా చెప్పలేదు. విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక స్నేహితురాలు అడిగింది, "ఆడగుర్రం నోట్లో ఇనుపముక్క పెట్టి నడిపించడం నీ సిద్ధాంతానికి ఎలా సరిపోయిందే?" అని. హాస్యానికే అడిగినా, ప్రశ్న హాస్యం కాదు. గుర్రం నోట్లో ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య పళ్ళు లేని ఖాళీ ఒకటి ఉంటుంది. ఇనుము కూర్చునేది అక్కడే, నాలుక మీద, పలచటి చిగురు కింద ఎముక మీద. ఒకరోజు కోచ్ నా చేత కళ్లెపు ఇనుమును రెండు చేతుల్లో పట్టించి, కళ్ళు మూసుకోమని, వెనక నుంచి పగ్గాలు తను పట్టుకుంది. ఆమె వేలు కదిలితే నాకు తెలిసింది. ఆమె ఏదో గుర్తొచ్చి పక్కకి తిరిగితే తెలిసింది. ఒక్కసారి గట్టిగా గుంజితే మణికట్ల దాకా జివ్వుమంది. ఐదు నిమిషాలకే చేతులు వదిలేద్దామనిపించింది.

ఆమె గట్టిగా లాగినందుకంటే, ఏమీ అడగనప్పుడు కూడా పట్టు సడలించకపోవడం నన్ను ఎక్కువ విసిగించింది. ఆ విసుగు నాకు కొత్తది కాదు. కొట్టకపోయినా, తిట్టకపోయినా, రోజంతా ఎవరి పట్టులోనో ఉన్నామన్న స్పృహతో పనిచేసే ఇళ్ళు మనకి తెలుసు. స్నేహితురాలికి నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. స్వారీ అన్నది ఒక ప్రాణి మీద ఇంకొక ప్రాణి అధికారమే. ఆ అధికారాన్ని ఎలా వాడాలన్నది మాత్రం నాకు ఆ రోజు తెలిసింది. ఏం కావాలో స్పష్టంగా అడగాలి. అది జవాబు చెప్పగానే చెయ్యి మెత్తబడాలి. బతిమాలడానికీ గద్దించడానికీ మధ్య ఇలా ఒక అడగడం ఉందని నాకు నలభై ఆరేళ్ళదాకా ఎవరూ చెప్పలేదు. బతిమాలడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను, గద్దించడం నాన్న దగ్గర విన్నాను.

చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని కనుక, నాకంటే ముందు గుర్రమెక్కిన ఆడవాళ్ళని వెతకడం మొదలుపెట్టాను. ఓరుగల్లు పిల్లకి మొదట గుర్తొచ్చేది రుద్రమే. 13వ శతాబ్దంలో గణపతిదేవుడు కూతురిని వారసురాలిని చేస్తూ రుద్రదేవ మహారాజని మగపేరు పెట్టాడు. ఆమె మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. మన హైదరాబాద్ కవయిత్రి మహ్‌లఖా బాయి చందా (1768–1824) నిజాం వెంట దండయాత్రలకి మగవేషంలో గుర్రమెక్కి వెళ్ళిందని రాశారు. అంటే గుర్రం ఎక్కాలంటే ఆడది మగవాడైనా కావాలి, ఐరోపా దొరసానిలా పక్కకి తిరిగైనా కూర్చోవాలి.

ఈ ఆటలోకి ఆడవాళ్ళు వచ్చిన తీరూ ఆలోచించదగ్గదే. ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్, అంటే గుర్రాన్ని నిర్ణీత క్రమంలో నడిపించి చూపే పోటీ, 1948 వరకూ సైనికాధికారులకే పరిమితం. ఆ ఏడు లండన్‌లో స్వీడన్ జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది ఆ పతకం వెనక్కి తీసుకున్నారు. జట్టులో ఒకతను నిజానికి సార్జెంటు, పోటీల కోసమే అతనికి అధికారి హోదా ఇచ్చారని తేలింది. 1952లో, హెల్సింకీలో, ఆ నియమం తొలగిపోయింది. కింది హోదా మగవాళ్ళూ, ఆడవాళ్ళూ ఒకే తలుపులోంచి ఒకేసారి లోపలికి వచ్చారు. ఆ ఏడే డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్ రజతం గెలిచింది. ఆమెకి 1944లో, గర్భంతో ఉండగా, పోలియో వచ్చింది. మోకాళ్ళ కింది భాగం పనిచేయదు. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ సాయం కావాలి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే పోటీలో తలపడే అతి కొద్ది ఒలింపిక్ క్రీడల్లో ఇదొకటి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి ఇందులో 41 ఏళ్ళ తర్వాత స్వర్ణం తెచ్చిన నలుగురిలో ఇద్దరు ఆడవాళ్ళు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్.

అయితే తలుపు తెరుచుకున్నది అందరికీ కాదు. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుడు హత్యకి గురయ్యాడు. సొంత గుర్రం కొనుక్కుని ఎక్కినందుకే చంపారని అతని కుటుంబం చెప్పింది. దళిత పెళ్ళికొడుకుని గుర్రం దింపేశారన్న వార్తలు ఉత్తరాది రాష్ట్రాల నుంచి వస్తూనే ఉంటాయి. మా లాయంలో అందరికంటే బాగా స్వారీ చేసేది సాయీసే. జీను లేకుండా, తాడు ఒకటే పట్టుకుని వేస్తాడు. పోటీల్లో మైకులో వినిపించేవి స్వారీ చేసేవాళ్ళ పేరూ గుర్రం పేరూ. తెల్లవారుజామున మూడింటికి లేచి బేగం జూలు అల్లిన చేతుల పేరు మైకులో రాదు. నేను నెలజీతం ఉన్న ఉద్యోగిని కాబట్టే నా భయాలతో ఇంత తీరిగ్గా పోట్లాడగలుగుతున్నాను.

పోటీకి పేరు ఇవ్వమని కోచ్ అన్నది అక్టోబరులో. నగరంలోని నాలుగైదు స్వారీ బడుల పిల్లలు కలిసే చిన్న పోటీ అది. కొత్తవాళ్ళ డ్రెస్సాజ్‌కి వయోపరిమితి లేదు. సరేనన్నాను. ఇంటికి వచ్చేసరికి కడుపులో తిప్పడం మొదలైంది. పడిపోతానేమోనన్న భయం కాదు అది. అప్పటికి రెండుసార్లు పడ్డాను. ఒకసారి భుజం కమిలింది, ఒకసారి ఏమీ కాలేదు. పడటం ఎలా ఉంటుందో తెలిశాక దాని మీద భయం ఒక పరిమాణానికి వచ్చింది. ఇది వేరే. అరవై మంది ముందు, బిగుతు ప్యాంటులో, ఈ నడుముతో, ఈ వయసులో నేను కనబడబోతున్నాను. ఒకరు కుర్చీలో కూర్చుని నా ప్రతి కదలికకీ పదికి ఇన్ని అని అంకె వేస్తారు.

పెళ్ళిచూపుల్లో ఆ కుర్చీ ముందు ఒకసారి నడిచాను. ఎలా నడుస్తుందో చూడాలని అవతలివాళ్ళు మంచినీళ్ళు తెమ్మన్నారు. ఆడపిల్లకి భయభక్తులుండాలని ఒకవైపు నేర్పుతారు, భయపడుతున్నట్టు కనబడకూడదని ఇంకోవైపు నేర్పుతారు. ఆ భయభక్తుల్లో పాముల భయం, నీళ్ళ భయం, ఎత్తుల భయం లేవు. అదంతా మనుషుల చూపుల భయం. నలుగురు చూస్తారు, నలుగురు ఏమనుకుంటారు. ఆ నలుగురి లెక్క పెళ్ళితో తీరదు, ఉద్యోగంతో తీరదు. నాలాంటివాళ్ళం సదస్సుల్లో దేహ రాజకీయాల మీద పత్రాలు చదువుతూ కూడా ఫోటో తీస్తుంటే వెనక వరసలోకి జరుగుతాం.

డ్రెస్సాజ్ బరి 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటుంది. చుట్టూ ఇంగ్లీషు అక్షరాల పలకలు పెడతారు. 'ఏ' దగ్గర లోపలికి వెళ్ళాలి. నడిమధ్య 'ఎక్స్', దానికి పలక ఉండదు, మనమే ఊహించుకోవాలి. అక్కడ ఆగి, పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని, తలవంచి నమస్కరించాలి. ఆపైన ఏ అక్షరం దగ్గర ఏం చెయ్యాలో కంఠతా వచ్చి ఉండాలి. నేను మా అపార్ట్‌మెంట్ మేడ మీద ముగ్గుపిండితో ఆ బరి గీశాను. రాత్రి పదిన్నర దాటాక అందులో నడిచేదాన్ని, మూలల్లో వంగుతూ, వలయాలు తిరుగుతూ. మూడో రాత్రి వాచ్‌మన్ భార్య ట్యాంకు చూడటానికి పైకి వచ్చింది. చాలాసేపు నిలబడి చూసి, "ఇది ఏం ముగ్గు మేడం?" అంది. గుర్రం ముగ్గు అన్నాను. "మరి గుర్రమేదీ?" అంది. నేనే అన్నాను. ఆమె నవ్వి, చెప్పులు విడిచి, నా వెనకే ఒక చుట్టు తిరిగింది. కనబడే భయం కాస్త పలచబడింది ఆ రాత్రే అనుకుంటాను.

పోటీ రోజు ఉదయం ఐదింటికే చేరాం. అక్కడ ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డికి లోపల గడియ లేదు. అరవైమందిలో నలభైమంది ఆడపిల్లలే. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడే ఏర్పాటు పిల్లలే చేసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు తలుపు పట్టుకున్న పిల్లకి పన్నెండేళ్ళుంటాయి. బయటికి వచ్చాక ఆ పిల్ల అడిగింది, "ఆంటీ, నాకు వాంతి వచ్చేటట్టుంది. మీకు భయం లేదా?"

నోటి చివరిదాకా వచ్చింది, 'భయమెందుకమ్మా, ఏం కాదు' అని. నా తరం ఆడవాళ్ళు పిల్లలకి అలవాటుగా చెప్పే మాట. నాకు అదే చెప్పారు, దాంతో నా భయం పోలేదు సరికదా, భయపడటం నా ఒక్కదానికే ఉన్న జబ్బని నమ్మాను. "ఉంది. పొద్దుటి నుంచి మూడుసార్లు ఇక్కడికే వచ్చాను" అన్నాను. ఆ పిల్ల ముఖంలో ఎంత తేలిక కనిపించిందో! ఇద్దరం గోడవారగా నిలబడి పదమూడో ఎక్కం చెప్పుకున్నాం. ఆమెకి పన్నెండు దాకానే వచ్చు. మిగతాది నేను అందించాను.

పరీక్షలో మాత్రం పైకి చెప్పడానికి లేదు. డ్రెస్సాజ్‌లో నోరు విప్పితే మార్కులు పోతాయి. గంట మోగాక లోపలికి వెళ్ళడానికి 45 సెకన్లు. నా పేరు మైకులో వినిపించింది, ఇంటిపేరుతో సహా, తప్పుగా. లోపలికి వెళ్ళాం. కనబడని 'ఎక్స్' దగ్గర బేగం ఆగింది, ఒక కాలు వెనక్కి వదిలేసి. నమస్కరించాను. మొదటి వలయం బాగానే సాగింది. 'సి' దగ్గర, న్యాయనిర్ణేత వెనక కట్టిన బ్యానరు గాలికి టపటపా కొట్టుకుంది. బేగం ఒక్కసారిగా పక్కకి దూకింది. నా బరువంతా ఎడమ రికాబు మీదికి వెళ్ళింది. చేతులు బిగుసుకోబోయాయి.

ఆ తర్వాత చెయ్యవలసింది మా పరీక్షలో రెట్టింపు మార్కులున్న కదలిక. బరిని ఒక మూల నుంచి ఇంకో మూలకి నడకలో దాటుతూ, పగ్గం వదలాలి. గుర్రం తల నేలవైపు దించి మెడ సాచుకునేంత వదలాలి. ఇప్పుడే బెదిరిన గుర్రానికి, అందరూ చూస్తుండగా. గుర్రాన్ని ఎంతబాగా పట్టుకున్నావన్నదానికి కాకుండా ఎంతబాగా వదిలావన్నదానికి ఎక్కువ మార్కులు పెట్టిన ఆ పరీక్ష రాసినవాళ్ళెవరో నాకు తెలియదు. పెదాలు కదిలిస్తూ లోపల్లోపల పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది అనుకుంటూ వేళ్ళు తెరిచాను. పగ్గం అంగుళం అంగుళం జారింది. బేగం ఒక నిట్టూర్పు విడిచింది, ముక్కుపుటాల్లోంచి బుస్సుమని. తల దించింది. నడిచింది. ఆ కొద్ది క్షణాల్లో నా నడుము ఎలా కనబడుతోందో నాకు గుర్తు లేదు. ఎలా కనబడతానోనన్న ఆలోచన లేకుండా అంతమంది ముందు ఉండటం పెద్దయ్యాక నాకు అదే మొదటిసారి.

నూటికి 57 వచ్చాయి. తొమ్మిదిమందిలో ఆరోస్థానం. బేగం బెదిరినదానికి 4, వదిలినదానికి 7. గోడవార పిల్లకి మూడోస్థానం వచ్చింది. ఆమె రిబ్బను పట్టుకుని సాయీస్ దగ్గరికి పరిగెత్తింది, వాళ్ళ నాన్న కారు దగ్గరికి వెళ్ళకముందే.

పెద్ద మార్పేదో వచ్చిందని చెప్పను. చెయ్యి ఇప్పటికీ అప్పుడప్పుడూ భుజం మీదికి పోతుంది. కానీ కిందటి నెల మా కాలేజీ సమావేశంలో ఆడవాళ్ళ విశ్రాంతి గది సంగతి ఎత్తాలనుకున్నప్పుడు, గొంతు ఎండిపోయినా, లేచి నిలబడి, ఊపిరి వదిలి, కావలసింది ఒక్క వాక్యంలో అడిగి కూర్చున్నాను. ఇంతకుముందైతే ఆ అడగడానికి ముందు పది క్షమాపణలు ఉండేవి, తర్వాత పది వివరణలు ఉండేవి. గది ఇంకా రాలేదు. మళ్ళీ అడుగుతాను.

పోటీ అయిన సాయంత్రం హనుమకొండకి ఫోన్ చేశాను. అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. నేను గుర్రమెక్కుతున్నానని ఆమెకి చెప్పినప్పటి నుంచీ ప్రతి ఫోన్‌లో ఒకటే ప్రశ్న.

"పడ్డవా బిడ్డా?"

"లేదమ్మా."

కాసేపు ఆగింది. "మస్తుమంది సూసిన్రా?"

"చూశారమ్మా, చాలామంది."

"ఫోటో పంపు."

పంపాను. పగ్గం వదిలి నడుస్తున్నప్పటిది. అరగంట తర్వాత తనే ఫోన్ చేసింది. పక్కింటి వాళ్ళకీ, పాలు పోసే ఆమెకీ అప్పటికే చూపించిందట.

"అంత మంచిగనే ఉన్నది గని, ఏందే, మూతి గట్ల పెట్టినవ్?"

"ఎక్కం చెప్పుకుంటున్నానమ్మా. పదమూడోది."

"ఎందాంక వచ్చిందే?"

"ఏడుల దాకా."

"తొంభై ఒకటి" అంది అమ్మ, నేనడగకుండానే.